చీటీ లేని రంగులు

పట్టుచీరల కొట్టులో ట్యూబులైటు కింద చీర చూసి, "సరే, కట్టెయ్యి నాయనా" అనే ఆడది నాకు యింతవరకూ కనపడలేదు. ఎంత పెద్ద కొట్టయినా సరే, చీర భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చి, వీధి వెలుతురులో ఒకసారి చూసిగాని మనం పర్సు తియ్యం. కొట్టువాడూ ఏమీ అనుకోడు. దీపాన్ని బట్టి రంగు మారుతుందని అతనికీ తెలుసు, మనకీ తెలుసు. వంకాయ రంగుకీ నేరేడుపండు రంగుకీ, చిలకపచ్చకీ మామిడాకు పచ్చకీ వున్న తేడా కోసం మ్యాచింగు సెంటర్లన్నీ తిరిగే జాతి మనది. దీన్ని మగవాళ్లు రంగుల పిచ్చి అంటారు. అననీండి.

అటువంటి మనం, యింటిల్లిపాదికీ ప్రాణంతో సమానమైన పెళ్లి వీడియోల దగ్గరికి వచ్చేసరికి, స్టూడియోవాళ్లు ఏ రంగు యిస్తే ఆ రంగు కళ్లకద్దుకుని తెచ్చుకుంటున్నాం. యిదెక్కడి న్యాయమండీ? చీర పోతే యింకో చీర వస్తుంది. వెళ్లిపోయిన మనిషి ముఖం మళ్లీ వస్తుందా? ఆ ముఖం రంగుని ఎవరో ఒకరి బద్ధకానికి వదిలేద్దామా?

బద్ధకమన్న మాట వూరికే వాడటం లేదు. నేను బి.ఏ. చదివినదాన్ని. లెక్కలంటే యిప్పటికీ గుండెదడే. కానీ యీ సంగతి అర్థం కావటానికి లెక్కలు అక్కర్లేదు. వంటింటి పాళ్లు తెలిసిన మనిషికి చక్కగా తెలుస్తుంది. కాస్త ఓపిక పట్టి వినండి.

వీడియో ఫైల్లో బొమ్మని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు రంగులుగా దాచటం చాలా అరుదు. మామూలుగా దాచే పద్ధతి వేరు. ఆ చుక్క దగ్గర వెలుగు ఎంతో ఒక అంకె. ఆ వెలుగుకీ నీలానికీ తేడా ఎంతో ఒక అంకె. వెలుగుకీ ఎరుపుకీ తేడా ఎంతో మరొక అంకె. అంతే. యిది నలుపు తెలుపు టీవీల నాటి పద్ధతి. కొత్తగా వచ్చిన రంగుల ప్రసారాన్ని పాత టీవీలు కూడా చూపించాలి కదా, వాటికి ఆ వెలుగు ఒక్కటీ చాలు. ఆ టీవీలు పోయినా పద్ధతి పోలేదు. ఎందుకంటే మన కన్ను వెలుగులోని వివరాన్ని పట్టుకున్నంత చురుగ్గా రంగులోని వివరాన్ని పట్టుకోలేదు. అందుకని రంగు అంకెల్ని పొదుపుగా దాచి బోలెడు చోటు మిగుల్చుకోవచ్చు.

మరి ఆ వెలుగు అనేదాన్ని మూడు రంగుల్నీ ఏ పాళ్లలో కలిపి తయారు చెయ్యాలి? చిక్కంతా యిక్కడే వుంది. 1982లో, అంటే మన దేశానికి రంగుల టీవీ వచ్చిన సంవత్సరంలోనే, 601 అనే నంబరుతో ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం నూటికి ఎరుపు 29.9 పాళ్లు, ఆకుపచ్చ 58.7, నీలం 11.4. తరవాత పెద్ద బొమ్మల టీవీ కోసం 1990లో 709 అనే నంబరుతో యింకో ప్రమాణం తయారైంది. దాని పాళ్లు యిప్పుడు ఎరుపు 21.26, ఆకుపచ్చ 71.52, నీలం 7.22. రెండిట్లో ఏదీ తప్పు కాదు. ఒక యింటి సాంబారు పొడి ఒక రకం, యింకో యింటి సాంబారు పొడి యింకో రకం.

కానీ సాంబారు పొడికి లేని బాధ ఒకటి దీనికి వుంది. కలిపినదాన్ని మళ్లీ విడదీసి, ఏ రంగుని ఆ రంగుగా తెరమీద చూపించాలి. 601 పాళ్లతో కలిపినదాన్ని 601 పాళ్లతోనే విడదియ్యాలి. 709తో విడదీస్తే ఏమవుతుందో తెలుసా? ఎరుపు కాషాయంలోకి ఒరుగుతుంది. చిలకపచ్చ నల్లబడి ముదురాకు పచ్చలోకి దిగుతుంది. తమాషా ఏమిటంటే తెలుపు, నలుపు, బూడిద రంగు మాత్రం చెక్కుచెదరవు. వాటిలో రంగు తేడా అంకెలు సున్నా కదా, ఏ పాళ్లతో విడదీసినా ఒకటే. అందుకే పెళ్లికొడుకు ధోవతి చూసి, "అంతా బాగానే వుందిగా" అనేవాళ్లకి తేడా తెలియదు. పెళ్లికూతురి బొట్టు చూసినవాళ్లకి తెలుస్తుంది.

అయితే ఫైలు తెరిచే ప్లేయరుకి ఏ పాళ్లతో కలిపారో ఎలా తెలుస్తుంది? అందుకోసమే ఫైలు లోపల ఒక చీటీ రాసి పెట్టే ఏర్పాటు వుంది. టైలరు దగ్గర జాకెట్టు గుడ్డకి పిన్ను చేసిన చీటీ లాంటిది. దాన్నే మెటాడేటా అంటారు. దాంట్లో రంగుకి సంబంధించినవి నాలుగు గడులు. ఏ ఎరుపు, ఏ ఆకుపచ్చ, ఏ నీలం మూలంగా తీసుకున్నారన్నది ఒకటి. చీకటి నుంచి వెలుగు దాకా మెట్లు ఎలా కట్టారన్నది రెండోది. యింతసేపూ చెప్పుకున్న పాళ్లు మూడోది. అంకెలు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా అన్న హద్దు నాలుగోది.

ఆ నాలుగోదాని గురించి కూడా ఒక్క మాట. మామూలు వీడియోలో అంకెలు 0 నుంచి 255 దాకా వుంటాయి. టీవీ సంప్రదాయంలో 16 దగ్గర నలుపు, 235 దగ్గర తెలుపు. కంప్యూటరు సంప్రదాయంలో 0 నలుపు, 255 తెలుపు. టీవీ బొమ్మని కంప్యూటరు లెక్కన చూపిస్తే నల్లటి జడ బూడిద పూసినట్టుంటుంది, మల్లెపూలు మాసిపోతాయి. కంప్యూటరు బొమ్మని టీవీ లెక్కన చూపిస్తే జడా, నల్ల జాకెట్టూ, వెనకాల చీకటీ అన్నీ ఒకే మసిగుడ్డ అవుతాయి. చామనచాయ ముఖాల్లో, నీడ పడ్డ చోట కళ్లు, ముక్కు కలిసిపోతాయి.

ఆ నాలుగు గడుల్లో కూడా పెద్ద పెద్ద వాక్యాలు రాయనక్కర్లేదు. అంతర్జాతీయంగా ఒప్పుకున్న పట్టిక వుంది, దాన్ని చూసి ఒక నంబరు వెయ్యటమే. పాళ్ల గడిలో 1 అంటే 709. 5 గాని 6 గాని వేస్తే 601 పాళ్లు. ఆ పట్టికలో 2 అనే నంబరు కూడా ఒకటుంది. దాని అర్థం ఏమిటో వూహించండి. "చెప్పలేదు" అని! బద్ధకానికి కూడా ఒక నంబరు కేటాయించారన్న మాట. మన స్టూడియోల నుంచి వచ్చే ఫైళ్లలో నేను చూపించుకున్నవి చాలావాటిలో, 2 అయినా వుంది, లేదా చీటీయే లేదు.

చీటీ లేకపోతే ప్లేయరు ఏం చేస్తుంది? అందాజు వేస్తుంది. చాలా ప్లేయర్లు బొమ్మ సైజు చూస్తాయి. 576 గీతల చిన్న బొమ్మ అయితే పాతకాలంది, 601 అయివుంటుందనుకుంటాయి. 720 గీతలో అంతకన్నా ఎక్కువో వుంటే కొత్తది, 709 అయివుంటుందనుకుంటాయి. వయసు చూసి కులగోత్రాలు చెప్పినట్టు!

యిక మా యింటి సంగతి. మా పిన్ని పెళ్లి 1992లో అయింది. ఆ పెళ్లి క్యాసెట్టుని ఫైలుగా మార్చమని ఒక స్టూడియోకి యిచ్చాం. పేరెందుకు లెండి, యీ విషయంలో ఏ వీధి స్టూడియో అయినా ఒకటే. వాళ్లు శ్రద్ధగానే చేశామనుకున్నారు పాపం. "ఫుల్ హెచ్‌డి చేసి యిచ్చాం మేడమ్" అన్నారు. అంటే 576 గీతల బొమ్మని సాగదీసి 1080 గీతలు చేశారు. సైజు మార్చారు గాని లోపలి పాళ్లు మార్చలేదు, అవి 601 పాళ్లే. చీటీ రాయలేదు. మా టీవీ సైజు చూసింది, పెద్ద బొమ్మ, 709 అయివుంటుందనుకుంది.

ఆ క్యాసెట్టులో మా అమ్మమ్మ వుంది. కదిలే బొమ్మలో అమ్మమ్మ మాకు మిగిలింది అదొక్కటే. 1994లో పోయింది. పసుపుకొమ్ములు, వెలిగారం, నిమ్మరసం కలిపి కుంకుమ యింట్లోనే చేసుకునేది. పాళ్లు ఏమాత్రం తేడా వచ్చినా రంగు తిరగదని ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఆ కుంకుమతో రూపాయి కాసంత బొట్టు. టీవీలో అమ్మమ్మ కనపడగానే పిన్ని ముందుకు వంగి చూసి, "యిది అమ్మ బొట్టు కాదే అమ్మాయ్, ఆంజనేయస్వామి సింధూరంలా వుంది. అమ్మ జన్మలో యిలాంటి బొట్టు పెట్టిందా?" అంది. అని వూరుకుని, లేచి లోపలికి వెళ్లిపోయింది.

స్టూడియోకి ఫోను చేస్తే, "మేడమ్, మా సిస్టంలో బాగానే వుంది. మీ టీవీ సెట్టింగు చూసుకోండి" అన్నాడు ఆ అబ్బాయి. "బాబూ, యీ టీవీలో మిగతావన్నీ బాగానే కనపడుతున్నాయి" అన్నాను. "పాత క్యాసెట్టు కదా మేడమ్, రంగు వెలిసిపోయివుంటుంది" అన్నాడు. పచ్చిమిరపకాయ రంగు అంచు గోంగూర ఆకులా నల్లబడితే అది వెలవటం ఎలా అవుతుందో నాకు తెలియలేదు.

మా అక్క కొడుకు సెలవుల్లో వచ్చినప్పుడు ఆ ఫైలు చూపించాను. మీడియాఇన్ఫో అని డబ్బు పెట్టక్కర్లేని ప్రోగ్రాం ఒకటి వుంది, ఫైలు లోపలి చీటీ చదివి చెబుతుంది. రంగుకి సంబంధించిన వరసలే లేవు. "పిన్నీ, ఎవరూ ఏమీ రాయలేదు" అన్నాడు. అని, బొమ్మ జోలికి పోకుండా, ఒక్క చుక్క కూడా మార్చకుండా, చీటీ మాత్రం 601 అని రాసి పెట్టాడు. కాఫీ చల్లారేలోగా అయిపోయింది. మా టీవీ ఆ చీటీని చదివింది. అమ్మమ్మ బొట్టు కుంకుమ రంగుకి వచ్చింది. పిన్నిని పిలిచి చూపించాం. "ఆఁ, యిదీ" అంది. అంతకంటే మాట్లాడలేకపోయింది.

యిప్పుడు చెప్పండి, నాకు కోపం రావటంలో తప్పేమన్నా వుందా? చీటీ రాయటానికి ఖర్చు లేదు. ఫైలు బరువు పెరగదు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వుచిత సాఫ్టువేరు 2000 సంవత్సరం నుంచీ వుంది. యీ నాలుగు గడులూ నింపటానికి దాంట్లో నాలుగు ముక్కలు టైపు చేస్తే సరిపోతుంది. సాగదీయటానికి గంటలు పట్టే పని డబ్బు తీసుకుని చేసి, నిమిషం పట్టే పనిని వదిలెయ్యటాన్ని ఏమనాలి? అరవై వంటకాలు చేసి వుప్పు మరిచిన వంటబ్రాహ్మడికి సంభావన యిస్తామా?

యీ మాటంటే నాకు వచ్చే జవాబులు కొన్ని వున్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, "ఎవరు గమనిస్తారండీ?" మేం గమనిస్తాం! అంచుకీ కొంగుకీ అరవీసం తేడా వస్తే మడత విప్పకుండా చెప్పేవాళ్లం మేం. ఆ బొమ్మల్ని పదిసార్లు చూసేదీ, పిల్లలకి చూపించేదీ, ఫలానా అత్తయ్య కట్టిన చీర ఫలానా నోముకి పెట్టిందని చెప్పేదీ మేమే. ఎవరు గమనిస్తారు అనేవాళ్లు, గమనించేవాళ్లని మనుషుల్లో లెక్క వెయ్యటం లేదన్న మాట.

రెండోది, "ప్లేయరే కనుక్కుంటుంది." కనుక్కోదు. అందాజు వేస్తుందని పైన చెప్పాను. ఆ అందాజు ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా వుంటుంది. అదే ఫైలు ఫోనులో ఒక రంగు, టీవీలో ఒక రంగు, కంప్యూటర్లో మరొక రంగు. పాత సినిమా పాట ఒకే తెరమీద రెండు చోట్ల రెండు రంగుల్లో కనపడటం మీరూ చూసేవుంటారు. ప్రతిదానికీ కారణం యిదేనని నేననను. ఫిల్ము వెలిసిపోయి వుండొచ్చు, ఎవరో కావాలని మార్చివుండొచ్చు. కానీ చీటీ వుంటే కనీసం యీ ఒక్క అనుమానం తీరిపోతుంది కదా.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. "మేం రంగులు కరెక్ట్ చేసేస్తాం లెండి." వాళ్ల తెరమీద బొట్టు కాషాయంగా కనపడుతుంది. ఎందుకు కనపడుతోందని ఆలోచించకుండా, మీటలు తిప్పి ఎరుపు చేస్తారు. అంటే తప్పు అందాజు మీద యింకో తప్పు కుట్టేస్తారు. రేపు సరైన పాళ్లతో చదివే ప్లేయర్లో పెడితే ఆ బొట్టు యింకో వైపు ఒరుగుతుంది. చీటీ లేని ఫైలుని బాగుచెయ్యొచ్చు, మా యింట్లో చేశాం. యిలా మీటలు తిప్పి చెడగొట్టినదాన్ని మళ్లీ మొదటికి తేవటం దాదాపు అసాధ్యం.

యిక చీటీ రాయమన్నాం కదా అని అబద్ధపు చీటీ రాసేవాళ్లు వుంటారు. "హెచ్‌డి అడిగారుగా, 709 అని రాసేశాం" అంటారు. అయ్యా, చీటీ అంటే అద్దకం కాదు! 709 అని రాసినంత మాత్రాన లోపలి పాళ్లు మారవు. చింతపండు డబ్బా మీద బెల్లం అని రాస్తే పాయసం తియ్యబడుతుందా? బొమ్మని నిజంగా 709 పాళ్లలోకి మార్చి 709 అని రాయాలి. లేదూ, 601 పాళ్లనే వుంచి 601 అని రాయాలి. ఏదైనా ఒప్పే. లోపల వున్నదీ, పైన రాసిందీ ఒకటి కావాలి, అంతే. ఎంపీ4 లాంటి ఫైళ్లలో చీటీకి రెండు చోట్లు వుంటాయి, పెట్టె మీద ఒకటి, లోపలి బొమ్మల వరసలో ఒకటి. రెండు చోట్లా రెండు రకాలు రాస్తే ఒక ప్లేయరు పై చీటీ నమ్ముతుంది, యింకొకటి లోపలి చీటీ నమ్ముతుంది. ఆ ముచ్చట కూడా చూడొద్దనుకుంటే రెండు చోట్లా ఒకే మాట రాయాలి.

యిదంతా పాత క్యాసెట్ల గొడవ, మా అమ్మాయి పెళ్లికి అక్కర్లేదనుకోకండి. యిప్పటి పెళ్లిళ్లకి యింకా ఎక్కువ అవసరం. మన చేతుల్లో వున్న ఫోన్లు కొన్ని హెచ్‌డిఆర్ అనే పద్ధతిలో వీడియో తీస్తాయి. వాటి మూలరంగులు 2012లో వచ్చిన 2020 అనే ప్రమాణానివి, పాతవాటికన్నా ఎక్కువ రంగుల్ని పట్టగలవు. వెలుగు మెట్లు కూడా వేరే, వాటికి 2016లో 2100 అనే ప్రమాణం వచ్చింది. మేనకోడలు ఫోనులో మంగళస్నానాలు తీస్తుంది. పసుపు ముఖాలు బంగారంలా మెరుస్తుంటాయి. ఆ ముక్కని ఎడిటరు తీసుకుని, మామూలు వీడియోలో అలాగే అతికించి, చీటీ పోగొట్టి యిచ్చాడనుకోండి, పసుపు పాలిపోయి శనగపిండి అవుతుంది. పెళ్లికూతురు మూడు రోజులు జ్వరపడి లేచినట్టుంటుంది. ఫోను తప్పు కాదు, పిల్ల వొంటి ఛాయ తప్పు అంతకన్నా కాదు. మన దేశంలో ఆడపిల్ల ఛాయ గురించి మాట్లాడేవాళ్లకి కొదవ లేదు. మధ్యలో యీ ఎడిటరు ఒకడా?

నా కోపం యంత్రాల మీద కాదు. యంత్రం ఏం చెబితే అది చేస్తుంది. చెప్పకపోతే తోచింది చేస్తుంది. చెప్పవలసిన మనిషికి తన పని అక్కడితో అయిపోయిందనిపించటం మీద కోపం. క్యాసెట్టు తిప్పుతున్నప్పుడు అతనికి అన్నీ తెలుసు. అది ఏ కాలపుదో, ఏ పద్ధతిదో, ఏ యంత్రం మీద తిప్పాడో. నలభై ఏళ్ల తరవాత ఆ ఫైలు తెరిచే మనవరాలికి యివేవీ తెలియవు. ఆవిడకి చెప్పగలిగినవాడు యివాళ యితనొక్కడే. తెలిసినవాడు రాయకుండా వెళ్లిపోతే, తెలియనివాళ్లు జీవితాంతం అందాజు వేసుకుంటూ కూచోవాలి.

కాబట్టి యీసారి క్యాసెట్టు పట్టుకెళ్లినా, పెళ్లికి కెమెరా మాట్లాడినా, అడ్వాన్సు యిచ్చే ముందే అడగండి. మూలరంగులు ఏవి, వెలుగు మెట్లు ఏవి, పాళ్లు ఏవి, హద్దు ఏది, నాలుగూ ఫైల్లో రాయాలి, బిల్లు వెనకాల కూడా రాసివ్వాలి అనండి. "యివన్నీ మీకెందుకు ఆంటీ?" అంటే, నాకెందుకో నాకు తెలుసు, నువ్వు రాయి అనండి. ఫైలు చేతికొచ్చాక యింట్లో పిల్లల చేత మీడియాఇన్ఫోలో తెరిపించి చూసుకోండి. ఆ వరసలు లేకపోతే ఫైలు వెనక్కి యిచ్చెయ్యండి. మీ టీవీ సెట్టింగు మీద నెపం పెడితే మాత్రం వొప్పుకోవద్దు.

యింకొక్క సంగతి. పని అయిపోయిందని చెప్పి మీ అసలు క్యాసెట్టుని స్టూడియోలోనే వుంచేస్తామంటారు, లేదా పారెయ్యమని సలహా యిస్తారు. వినకండి. ఆ ఫైలులో ఏది తప్పయినా మళ్లీ మొదలు పెట్టటానికి మనకి మిగిలింది అదొక్కటే. తెచ్చుకుని, పైన ఏ పెళ్లో, ఏ సంవత్సరమో రాసి, తడి తగలని చోట దాచుకోండి.